ముందు ఎడమ చక్రం

ఇవాళ పొద్దున్నే మా మేనల్లుడు ఫోనుకి ఒక వీడియో పంపాడు. అందులో ఒక చక్రం తిరుగుతోంది. అంతే. మాటల్లేవు, పాటా లేదు. వెనకాల ఎక్కడో కాకి ఒకటి అరుస్తోంది. జాకీ మీద లేపిన పాత కారుకి ముందు ఎడమ చక్రం. ఎవరో చేత్తో తిప్పి వదిలేశారు, అది తన మానాన తను తిరిగి తిరిగి ఆగింది. తిన్నగా తిరిగే చక్రంలో చూడ్డానికి ఏమీ ఉండదు. అయినా కాఫీ చల్లారేదాకా దాన్నే మళ్ళీ మళ్ళీ చూశాను. మా ఆవిడ వచ్చి, "ఏంటంత సీరియస్‌గా చూస్తున్నారు?" అని నా భుజం మీంచి తొంగి చూసి, "ఓ, చక్రమా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకి సంగతంతా తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను.

ఆ కారు మా బావగారిది. అంటే మా అక్క భర్తది. ఆయన పోయి ఏడాదిన్నర కావస్తోంది. గోదావరికి ఆవలి ఒడ్డున, కొవ్వూరు దాటి కాలువ వెంట కొంత దూరం వెళితే ఆయన రైసుమిల్లు వస్తుంది. మిల్లు వెనక రేకుల షెడ్డులో, ఊక బస్తాల పక్కన ఆ కారు ఉండేది. ఇంగ్లండులో తయారైంది, నాకంటే వయసులో పెద్దది, రెండే సీట్లు, పైకప్పు మడిచేసే గుడ్డ. ఆయన తండ్రి ఎవరి దగ్గరో మామిడితోట కొంటున్నప్పుడు బేరం ఎంతకీ తెగకపోయేసరికి అమ్మినాయన విసిగిపోయి దాన్ని కొసరుగా ఇచ్చేశారట. తోట ఎప్పుడో చేతులు మారింది. కొసరు మిగిలింది. ఆ కారు చుట్టూ తవుడు వాసన వేసేది. వర్షాకాలంలో తోలు సీట్ల మీద బూజు పట్టేది. బావగారు దాన్ని ఎండలో పెట్టి తుడుస్తుంటే, ఆవకాయ జాడీలు ఎండబెట్టినట్టుందని మా అక్క అనేది.

ఆ కారులో మూడో మనిషికి చోటు లేదు. అక్క పెళ్ళయిన కొత్తలో నేను రాజమండ్రి నుంచి వాళ్ళని చూడ్డానికి వెళితే, బావగారు కొవ్వూరు స్టేషనుకి ఆ కారే వేసుకుని వచ్చేవారు. అక్క కూడా వస్తానని పట్టుబట్టేది. అప్పుడు నేను వెనక మడిచిన గుడ్డ మీద, రెండు చేతులతో వాళ్ళ సీట్లు పట్టుకుని, ఊరేగింపులో ఉత్సవ విగ్రహంలా కూర్చునేవాణ్ణి. దారిలో జనం నిజంగానే ఆగి చూసేవారు. బావగారు వెనక్కి తిరక్కుండానే, "మేష్టారూ, చెయ్యి ఊపండి, జనం ఎదురు చూస్తున్నారు" అనేవారు. నేను కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఉద్యోగం వచ్చిన రోజు నుంచి ఆయనకి నేను మేష్టారునే. ఆయన గురించి గొప్ప మాటలు రాయాలని కూర్చున్నప్పుడల్లా ఆపేశాను. ఆయనకి గొప్ప మాటలు నప్పవు. మనిషి పొట్టి, చొక్కా పై గుండీ ఎప్పుడూ ఊడి ఉండేది, ఇంట్లో గొడవ రాకుండా ఉండటం కోసం చిన్న చిన్న అబద్ధాలు చాలా నేర్పుగా ఆడేవారు.

చక్రాల గురించి చెప్పాలి. ఆ కారు చక్రాలు సైకిలు చక్రాల్లా సన్నటి స్పోకులతో ఉంటాయి. ఊళ్ళో వాళ్ళందరికీ అది సైకిలు కారే. మామూలు కార్లకున్నట్టు చుట్టూ నాలుగైదు నట్లు ఉండవు. మధ్యలో రెక్కలున్న పెద్ద నట్టు ఒక్కటే. దాన్ని రాగి సుత్తితో కొట్టి బిగించాలి, కొట్టే విప్పాలి. ఇక స్పోకుల బిగువు చూడ్డానికి బావగారు వంటింట్లోంచి ఒక స్టీలు చెంచా తెచ్చి ఒక్కొక్కదాన్నీ తట్టి వినేవారు. బిగువుగా ఉన్నది టింగుమంటుంది. వదులైంది టక్కుమంటుంది. ఆయన కళ్ళు మూసుకుని వింటుంటే కచేరీకి వెళ్ళిన మనిషిలా కనిపించేవారు. "ఆ చెంచా మళ్ళీ నా పప్పు గిన్నెలోకి రాకూడదు" అని అక్క లోపల్నుంచి అరిచేది. అది కడుక్కుని పప్పు గిన్నెలోకి వచ్చేదనే నా అనుమానం.

దసరాకి కారు చక్రాలు నాలుగూ విప్పి, తుడిచి, పూజ చేసి మళ్ళీ బిగించడం వాళ్ళింటి అలవాటు. ఏటా ఆ పని బావగారే చేసేవారు. ముందటేడు నడుం పట్టేసిందని కొడుక్కి అప్పజెప్పారు. మా మేనల్లుడికి నలభై దాటాయి. భీమవరం వైపు చేపల చెరువులు చూసుకుంటాడు. ఇంజన్లూ మోటార్లూ అతనికి కొత్త కాదు. విప్పాడు, బిగించాడు. పండగ వెళ్ళిన కొద్ది రోజులకి బావగారు ఒక్కరే కారు తీసుకుని బయల్దేరారు. కాలువ గట్టు మలుపు దగ్గర కారు రోడ్డు వదిలేసి ఎడమ పక్కన పొలంలోకి, నెమ్మదిగానే, దిగింది. దిగుతూ దిగుతూ ముందు ఎడమ చక్రం తూము దగ్గరి సున్నం వేసిన రాయికి కొట్టుకుంది. ఈనిన వరిచేలో కొంత దూరం వెళ్ళి ఆగింది. చేను గలాయన పరిగెత్తుకొచ్చి, మనిషికి పెద్ద దెబ్బలేమీ తగల్లేదని చూసుకున్నాక, "ఏంటండీ, ఈ ఏడు కోత మీరే మొదలెట్టారా?" అన్నాడట. బావగారు తలుపు తీసుకుని దిగి, పంచెకంటిన బురద దులుపుకుని, "చక్రం ఊగిందండి" అన్నారు.

అందరికీ ఆ మాటే చెప్పారు. ఇంటికొచ్చాక అక్కతో అదే అన్నారు. మోకాలికి కట్టు కట్టిన డాక్టరుగారితో అదే అన్నారు. నమ్మకపోవడానికి కారణం కూడా లేదు. ట్రాక్టరుకి తాడు కట్టి కారుని మిల్లుకి లాక్కొస్తుంటే ఊరంతా చూసింది. మిగతా మూడు చక్రాలూ బుద్ధిగా తిరుగుతున్నాయి, ముందు ఎడమది మాత్రం తాగినవాడి నడకలా అటూ ఇటూ ఊగుతూ వచ్చింది. దాన్ని బిగించినవాడు ట్రాక్టరు వెనకే నడుస్తూ అదంతా చూశాడు.

మాఘమాసంలో బావగారు పోయారు. గుండె. ఆ జబ్బు ఎప్పట్నుంచో లోపల ముదురుతూ వచ్చిందనీ, చేలోకి దిగినదానికీ దీనికీ సంబంధం లేదనీ డాక్టరుగారు వివరంగా చెప్పారు. మేమందరం విన్నాం. మా మేనల్లుడు విన్నాడు కానీ మనసుకెక్కించుకోలేదు. దినకార్యాలు అయిపోయాక అతను బండి నడపడం మానేశాడు. కారొక్కటే కాదు, చేపల ట్రాలీ, మోటారు సైకిలు, అన్నీ. చెరువుల దగ్గరికి తన భార్య, అంటే మా అక్క కోడలు, నడిపే స్కూటరు వెనక కూర్చుని, ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని వెళ్ళేవాడు. దారిలో తెలిసినవాళ్ళు, "డ్రైవరు బాగానే నడుపుతున్నారండీ?" అని వేళాకోళం చేస్తే, ఆ అమ్మాయి, "డ్రైవరు బాగానే ఉందండి, పాసింజరే బరువు" అని నవ్వేసేది. నాతో మాత్రం ఒకసారి నవ్వకుండా చెప్పింది: "నేను బిగించిన చక్రమే నాన్నని పడేసిందంటారండి మావయ్యగారూ. ఆ పడ్డమే ఆయన్ని తీసుకుపోయిందంటారు. కాదంటే వినరు. అవునని నేనెలా అనగలనండి?"

సంవత్సరీకం అయిన వారానికి అక్క ఫోను చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆదివారం ఖాళీయేనా? రా. ఆ చక్రం విప్పుదాం."

"నాకు కార్ల గురించి ఏం తెలుసక్కా?"

"తెలీదనే పిలుస్తున్నా. తెలిసినోడైతే వీడి మొహం చూసి ఏదో ఒకటి చెప్పి సర్దేస్తాడు. నీకు అబద్ధం చెప్పేంత కూడా తెలీదు కదా."

"ఒకవేళ వాడు అనుకున్నదే నిజమైతే?"

"అయితే అయిందిరా. ఏదో ఒకటి తెలిస్తే దాంతో బతుకుతాడు. ఇలా ఎంతకాలం ఆ షెడ్డు దాకా వెళ్ళి వెనక్కొస్తాడు?" అంది.

ఆ కారు తయారుచేసినవాళ్ళు వేసిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి బావగారి దగ్గర ఉండేది. అట్టలు ఊడిపోతే బైండు చేయిస్తానని ఎప్పుడో తెచ్చి నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ వారమంతా దాన్ని చదివాను. చదవడం ఒక్కటే నాకు తెలిసిన పని. చక్రం ఊగడానికి కారణాలు అందులో వరసగా రాశారు: ఇరుసు వంగి ఉండొచ్చు, లోపలి బేరింగు అరిగి ఉండొచ్చు, చక్రం సరిగా కూర్చోకపోయి ఉండొచ్చు, లేదా చక్రమే వంకరపోయి ఉండొచ్చు. మూడోదొక్కటే బిగించినవాడి తప్పు. ఆదివారం బస్సులో బ్రిడ్జి మీద వెళుతూ, ఆ మూడోదే గనక తేలితే ఏం చెయ్యాలో నిర్ణయించుకున్నాను. అక్క ఏమన్నా సరే, అబద్ధం చెబుతాను. కింద గోదావరిలో నీళ్ళు తగ్గి ఇసుక మేటలు బయటపడ్డాయి. నేను లోపల్లోపల ఆ అబద్ధాన్ని సాధన చేసుకుంటున్నాను. అది ఎంతకీ కుదురుగా రాలేదు.

షెడ్డులో అక్క అప్పటికే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. కోడలు ఫోను టార్చి పట్టుకుంది. మేనల్లుడు గుమ్మం దగ్గర నిలబడి, "ఇప్పుడిదంతా ఎందుకు మావయ్యా" అన్నాడు. "నాకు చేతకాదురా, ఆ జాకీ పెట్టు చాలు" అన్నాను. నాకు చేతకాదన్నది నిజం కాబట్టి అతను లోపలికి రాక తప్పలేదు. కారు లేపాడు. చక్రాన్ని తిప్పాం. నేను ఒక కర్రకి సుద్దముక్క కట్టి, చక్రం అంచుకి కొద్దిగా ఎడంగా కదలకుండా పట్టుకున్నాను; పుస్తకంలో అలాగే చెయ్యమన్నారు. చక్రం తిన్నగా ఉంటే సుద్ద ఎక్కడా తగలకూడదు, లేదా చుట్టూ తగలాలి. ఒక్క పక్కనే జానెడు మేర తెల్లటి గీత పడింది. ఊగుతోందన్నమాట. "ఇది ట్రాక్టరు వెనక నడిచినోళ్ళందరికీ తెలుసులే" అంది అక్క.

తరవాత నట్టు. మేనల్లుడు రాగి సుత్తి తీసుకుని కొట్టాడు. కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. రేకుల మీద పావురాలు లేచిపోయాయి గానీ నట్టు కదల్లేదు. "అన్నం తిన్లేదేంట్రా?" అంది అక్క. ఆఖరికి అది కీచుమని తిరిగేసరికి అతనికి చెమటలు పట్టాయి. నాకు కాస్త ధైర్యం వచ్చింది. "చూశావా, వదులుగా బిగించిన నట్టయితే ఇంత మొండికేస్తుందా?" అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. "బండి నడుస్తుంటే ఈ నట్టు దానంతటదే బిగుసుకుంటుంది మావయ్యా. బిగువుగా ఉందంటే తిన్నగా కూర్చుందని కాదు. లోపల ఏదన్నా అడ్డుంటే వంకరగానే బిగుసుకుపోద్ది." ముద్దాయే ప్రాసిక్యూటరై వాదిస్తుంటే ఎదుర్కోవడం నా వల్ల కాలేదు.

చక్రం ఊడదీశాడు. లోపల పచ్చగా ఉంది.

ఇరుసు చివర, చక్రం వచ్చి ఆనుకునే ఏటవాలు అంచు మీద, ఎండిపోయిన పసుపు. మధ్యలో చెదిరిన కుంకం బొట్టు. నేను తుప్పేమో అనుకున్నాను. అక్క మాత్రం తేలిగ్గా, "అది నేను రాసిందేరా, దసరాకి" అంది. అప్పుడు తెలిసింది. అందరూ పూజలో చక్రం పైపైన బొట్లు పెడతారు. వాళ్ళింట్లో అలా కాదు. బావగారి తాతల కాలంలో బియ్యం బళ్ళుండేవి. దసరాకి బండి చక్రాలు ఊడదీసి, ఇరుసుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ తరవాత చక్రం తొడిగేవారట. బళ్ళు పోయి కారొచ్చినా ఇంటి కోడళ్ళు ఆ పద్ధతి మార్చలేదు. అక్క అత్తగారు రాశారు, తరవాత అక్క రాస్తోంది.

మేనల్లుడు ఊక బస్తా మీద కూర్చుండిపోయాడు. ఆ పసుపు వంకే చూస్తూ అన్నాడు. "అక్కడ ఏదీ ఉండకూడదు మావయ్యా. రంగు పొర కూడా ఉండకూడదు. నాన్న ఏటా అమ్మ అటు తిరగ్గానే గుడ్డతో తుడిచేసి చక్రం తొడిగేవారు. నాకు తెలుసు. ఆ రోజు అమ్మ హారతి పళ్ళెం పట్టుకుని నా పక్కనే నించుంది. తుడవలేకపోయాను. అలాగే బిగించేశాను."

"తుడిచేసేవారా?" అంది అక్క. "ఏటానా?"

కొడుకు తల ఊపాడు.

"నలభై ఏళ్ళు నేను పసుపు రాయడం, ఆయన తుడిచెయ్యడమా?" అంది మళ్ళీ. అంతలోనే ఆమె మొహం మారిపోయింది. కొడుకు చెప్పినదాంట్లో మిగతాది అప్పుడు అర్థమైంది. "అయితే నీది కాదురా. నేను రాసింది కదా" అని కుర్చీలో వెనక్కి వాలింది. ఒకళ్ళ మీది బరువు దించడానికి వచ్చి ఇద్దరి మీదా పెట్టాననుకున్నాను. బస్సులో సాధన చేసిన అబద్ధం నోటిదాకా వచ్చింది. పసుపు మెత్తటిది, దానివల్ల ఏమీ కాదు అందామనుకున్నాను. అనేలోపు, నేను చదివిన పుస్తకంలో ఒక పేజీ గుర్తొచ్చింది.

చక్రం సరిగా కూర్చుంటోందో లేదో తెలుసుకోవడానికి ఆ కంపెనీవాళ్ళు చెప్పిన ఉపాయం ఏమిటంటే, ఆ ఏటవాలు అంచు మీద పల్చగా నీలం రంగు పూసి, చక్రం తొడిగి, బిగించి, మళ్ళీ ఊడదీసి చూడమన్నారు. చక్రం తిన్నగా కూర్చుంటే రంగు చుట్టూ ఒకేలా చెరుగుతుంది. వంకరగా కూర్చుంటే ఒక పక్క చెరిగి, ఎదటి పక్క అలాగే ఉండిపోతుంది. వాళ్ళు నీలం పూయమన్నారు. మా అక్క పసుపు పూసింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా దాన్ని ఎవరూ విప్పలేదు.

"అమ్మాయ్, టార్చి ఇలా పట్టు" అన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. నాకు సరిగ్గానే కనిపించింది గానీ, నా కళ్ళ మీద నాకు నమ్మకం చాల్లేదు. ఆశ పెట్టుకున్నవాడి కళ్ళు అవి. "అక్కా, నువ్వు చూడు. పసుపు ఎక్కడ చెరిగిందో చెప్పు" అన్నాను. దేనికో చెప్పలేదు. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, చాలాసేపు చూసింది. వేలు తగలకుండా గాల్లోనే ఆ అంచు చుట్టూ తిప్పింది. "చుట్టూ చెరిగింది" అంది. "ఒకేలాగా?" "ఆఁ, ఒకేలాగే. ఇనుము మెరుస్తోంది చూడు, చుట్టూ గాజు వేసినట్టు. మిగిలిన పసుపు అటూ ఇటూ పక్కలకి పోయింది. తిరగలిలో పైరాయి సరిగా కూర్చుంటే ఇలాగే అరుగుద్ది. వంకరగా ఉంటే ఒక పక్కే తినేస్తుంది, నాకు తెలీదా?" అంది.

అప్పుడు చెప్పాను, పుస్తకంలో ఏముందో. మేనల్లుడు లేచి వచ్చాడు. నన్ను పక్కకి జరగమని తనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నా మాట మీద గానీ వాళ్ళమ్మ మాట మీద గానీ ఆగే స్థితిలో లేడు. కుడి పక్క చక్రం ఊడదీసి తీసుకొచ్చి ఈ ఇరుసుకే తొడగబోయాడు. "ఉండండి ఉండండి, ముందు ఫోటో తీసుకోనివ్వండి" అని కోడలు ఆపి, పసుపు చెరిగిన అంచుని నాలుగు వైపుల్నించీ తీసుకుంది. తరవాత ఆ పసుపు మీదే కుడి చక్రం తొడిగి, బిగించి, తిప్పాడు. నేను సుద్దకర్ర పట్టుకున్నాను. చక్రం తిరిగింది. సుద్ద ఎక్కడా తగల్లేదు. అతను మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తగల్లేదు. ఇరుసు బాగుంది, బేరింగు బాగుంది, పసుపుండగానే చక్రం తిన్నగా కూర్చుంటోంది.

ఇక మిగిలింది ఊడదీసిన చక్రమే. దాన్ని గోడకి ఆనించి కోడలు తెచ్చిన చెంచాతో అతను స్పోకులు తట్టడం మొదలెట్టాడు. టింగు, టింగు, టింగు. సుద్ద గీత పడిన చోటికి వచ్చేసరికి టక్కు, టక్కు. అక్కడ చక్రం లోపలి అంచు బొటనవేలు పట్టేంత లోతుగా నొక్కుకుపోయి ఉంది. ఆ నొక్కులో, ఇనుము గీరుకుపోయిన గరుకులో, తెల్లగా సున్నం. తూము రాయికి వేసిన సున్నం. చక్రం రోడ్డు మీద ఉన్నంతసేపూ తిన్నగానే ఉంది. రోడ్డు దిగాక రాయికి కొట్టుకుని వంకరపోయింది. చేలోకి తీసుకెళ్ళింది చక్రం కాదు.

అతను చెంచా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "మరి నాన్న... చక్రం ఊగిందన్నారు కదా మావయ్యా?"

నేను అక్క వైపు చూశాను. ఆమె నేల చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని కోడలు దగ్గరికి వెళ్ళింది. కానీ అక్క నవ్వుతోంది. నవ్వూ ఏడుపూ కలిసే వస్తున్నాయి, ఏది ముందో ఆమెకే తెలిసినట్టు లేదు. "కళ్ళు తిరిగుంటాయిరా" అంది. "అంతకుముందు వేసవిలో ఓసారి పెళ్ళిలో కళ్ళు తిరిగి కుర్చీ పట్టుకున్నారు. ఇంకోసారి ఇలా అయిందో, కారు తాళం నా దగ్గరే ఉంటుందని చెప్పాను. నిజం చెబితే తాళం పోద్ది. అందుకని చక్రం మీద పెట్టేశారు. పసుపు తుడిచేసినాయనకి ఇదొక లెక్కా?"

అప్పుడు నాకు ఇంకో మాట గుర్తొచ్చింది. ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఆయన నాతో, "మేష్టారూ, వాణ్ణి ఆ చక్రం జోలికి వెళ్ళొద్దని చెప్పండి" అన్నారు. కొడుకుని నొప్పించకూడదని అన్నారేమో అనుకున్నాను. ఆ మాట నేను చెబితే మేనల్లుడు, "నాకూ వినపడింది మావయ్యా, బయట వరండాలోనే ఉన్నాను" అన్నాడు. "నా పని మీద నమ్మకం పోయి అన్నారనుకున్నా." ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటకి అర్థం ఇంకా చిన్నది. చక్రం విప్పితే తన అబద్ధం బయటపడుతుంది. అంతే ఆయన భయం.

"నీ మీదకి వస్తుందని ఆయనకి తట్టుండదురా" అంది అక్క కొడుకుతో. "ఆయనకి చక్రమంటే చక్రమే. దాన్ని బిగించినోడు ఒకడున్నాడని గుర్తుండదు." కొడుకు వాళ్ళమ్మ కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, మొహం తువ్వాలులో పెట్టుకున్నాడు. కోడలు టార్చి ఆర్పేసి, నన్ను సైగతో బయటికి రమ్మంది. మేమిద్దరం ధాన్యం ఆరబోసిన కళ్ళం దగ్గర నిలబడ్డాం. ఆ అమ్మాయి, "అమ్మయ్య" అంది. నాకు తెలిసిన పుస్తకాలన్నిట్లోనూ ఆ పూట చెప్పదగిన మాట అంతకంటే మంచిది దొరకలేదు.

అంతా సంతోషమే అని చెప్పను. ఆ రోజు బావగారు చేలోంచి ఇంటికి వచ్చి నిజం చెప్పి ఉంటే, అక్క ఆయన్ని ఆ సాయంత్రమే రాజమండ్రి తీసుకొచ్చేది. గుండె సంగతి ముందే తెలిసేది. ఏమయ్యేదో ఎవరికీ తెలీదు. అక్కకి ఈ సంగతి నాకంటే ముందే తట్టిందని గోడ మీది బావగారి ఫోటో వంక ఆమె చూసే చూపు చెప్పింది. కొన్నాళ్ళు ఆయన మీద కోపంగా ఉంది. ఫోటోకి దండ మారుస్తూ సణిగేది. కానీ పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకుని తిరగడం, కన్నకొడుకు కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకోవడం కంటే చాలా తేలిక అని ఆమే నాతో అంది.

ఆ ఆదివారమే, భోజనాలయ్యాక, మేనల్లుడు స్టెప్నీ చక్రం తీసి ముందు ఎడమ పక్క తొడిగాడు. నొక్కు తీయించిన పాత చక్రం మళ్ళీ తన చోట తిరుగుతున్నదే ఇవాళ పొద్దుటి వీడియో. తొడిగేముందు గుడ్డ చేతిలోకి తీసుకుని వాళ్ళమ్మ వైపు చూశాడు. "తుడుచుకో" అంది అక్క. తుడిచాడు. ఏడాది పైగా కదలని ఇంజను కోడలి తిట్లూ నా తోపులూ తిని ఎట్టకేలకు అందుకుంది. రెండే సీట్లు. అక్క ఎవరినీ అడక్కుండా వెళ్ళి పక్క సీట్లో కూర్చుని పైటకొంగు తలకి చుట్టుకుంది. మలుపు దాకా వెళ్ళి వచ్చేస్తామన్నారు. మలుపు దాకా వెళ్ళి రావడానికి పట్టే సమయం గడిచింది. దానికి రెండింతలు గడిచింది. కోడలు గేటు దగ్గరికి వెళ్ళడం, రావడం. నేను పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నానని ఆ అమ్మాయే చెప్పింది.

సాయంత్రం ఎండ పల్చబడ్డాక వచ్చారు. బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళి, అక్కడ పూతరేకులు కొనుక్కుని మరీ వచ్చారు. అక్క జుట్టంతా చెదిరిపోయింది. మీ ఊరు వెళ్ళి మీ ఆవిణ్ణి చూసొచ్చాం, నువ్వు ఇక్కడున్నావని ఆవిడకేమీ బెంగ లేదు, అంది నాతో. ఇంతసేపూ ఏం మాట్లాడుకున్నారని అడిగాను. "ఏముందిరా. మినప్పప్పు గురించి" అంది. మేనల్లుడు తాళం తిప్పి, ఇంజను ఆగాక కూడా స్టీరింగు మీద చేతులు తియ్యకుండా కాసేపు కూర్చున్నాడు. నేను అటు వెళ్ళి, మలుపు దగ్గర ఇబ్బంది పడ్డావా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది, కానీ అడిగేశాను.

"అక్కడ నెమ్మదిగా వెళదామనే అనుకున్నా మావయ్యా. ఎప్పుడొస్తుందా అని చూస్తూనే ఉన్నా. అమ్మ ఏదో చెబుతోంది. చూసేసరికి కొవ్వూరొచ్చేసింది" అన్నాడు.

చాలా చోట్లు అలాగే దాటిపోయి ఉంటాం. దాటామని ఎవరూ చెప్పరు గనక, అవి ఇంకా ముందున్నాయనుకుని ఏళ్ళ తరబడి నెమ్మదిగా నడుపుతూ ఉంటాం.